మందు పనిచేసింది, మరి బుగ్గలెందుకు పీక్కుపోయాయి?

2004 ఏప్రిల్ 1న మన దేశంలో హెచ్ఐవీకి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. మొదటి విడతలో ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటిదాకా మంచం పట్టి ఉన్నవాళ్లు నెలల్లో లేచి తిరిగారు. విరేచనాలు కట్టాయి, నోటిపూత తగ్గింది, అన్నం సహించింది, బరువు పెరిగారు, కూలి పనికి వెళ్లారు. ఏడాదో రెండేళ్లో గడిచాక కొందరి ముఖాలు మారాయి. బుగ్గలు పీక్కుపోయాయి. కణతల దగ్గర గుంటలు పడ్డాయి. చేతుల మీదా పిక్కల మీదా నరాలు పైకి తేలాయి. కూర్చునే చోట కొవ్వు కరిగిపోయి, బస్సులో చెక్క సీటు మీద పావుగంట కూర్చోవడమే కష్టమైంది. పొట్ట మాత్రం ముందుకొచ్చింది. ఇక అరికాళ్ల మంటలు సరేసరి, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. సీడీ4 అనే రోగనిరోధక కణాలను లెక్కపెట్టే పరీక్ష చేస్తే అవి నిక్షేపంగా పెరుగుతూ ఉండేవి. తెలిసినవాళ్లు చూస్తారేమోనని పక్క జిల్లాలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌కి వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లు ఎంత దాచుకుంటే ఏం లాభం, వాళ్ల ముఖమే ఊరంతా చెప్పేసేది.

ఆ మార్పు తెచ్చింది స్టావుడిన్ అనే మందు. లామివుడిన్, నెవిరపిన్‌లతో కలిపి ఇచ్చేవారు. దాని బదులు ఏజెడ్‌టీ అనే ఇంకో మందు ఇవ్వొచ్చు, కానీ ఏజెడ్‌టీకి ఇంకో చెడ్డ గుణం ఉంది. ఎముక మూలుగను అణిచి రక్తం తగ్గిస్తుంది. మన ఆడవాళ్లలో సగం మందికి పైగా ఏ జబ్బూ లేకుండానే రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ ఏడు గ్రాములే ఉన్న మనిషికి ఏజెడ్‌టీ రాయడానికి ఏ డాక్టరూ సాహసించడు కదా. అలా స్టావుడిన్ వాటా పెరిగింది. పైగా అది చవక. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల వైద్యాన్ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించినప్పుడు అందులో ఉన్నదీ స్టావుడినే. అంతకుముందు ధనిక దేశాల్లో ఆ వైద్యానికి ఏడాదికి పదివేల డాలర్లు దాటేది. ఆఫ్రికాలోనూ ఇక్కడా లక్షల ప్రాణాలు నిలిపిన మందు అది. దాన్ని చెడ్డ మందు అనడానికి నాకు నోరు రాదు. అయినా ముఖాలు చెక్కేసిందన్నదీ నిజమే. 2009 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని దశలవారీగా ఆపేయమని అన్ని దేశాలకూ చెప్పింది.

వైరస్‌ను చంపే మందు బుగ్గల్లో కొవ్వు జోలికి ఎందుకు వెళ్లింది? జవాబు కణం లోపల, దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంది.

హెచ్ఐవీ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాసుకుంటేనే మన కణంలో స్థిరపడగలదు. ఆ రాతపని చేసే ఎంజైము పేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. స్టావుడిన్, ఏజెడ్‌టీ, డిడనోసిన్ లాంటివన్నీ దాన్ని మోసం చేసే దొంగ ముక్కలు. చూడ్డానికి డీఎన్ఏలో పేర్చే అసలు ముక్కలాగే ఉంటాయి, కానీ తర్వాతి ముక్క అతుక్కోవడానికి కావలసిన హైడ్రాక్సిల్ కొస వాటికి ఉండదు. ఎంజైము ఒక దొంగ ముక్కను పేర్చిందంటే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. మన కణకేంద్రకంలోని ఎంజైములు ఈ నకిలీని పసిగట్టి చాలావరకు పక్కన పెట్టేస్తాయి. మైటోకాండ్రియాకు విడిగా ఒక చిన్న డీఎన్ఏ ఉంది, దానికి నకళ్లు తీసే ఎంజైము కూడా విడిగానే ఉంది. పాలిమరేజ్ గామా అంటారు. అది మాత్రం మోసపోతుంది.

ఆ చిన్న డీఎన్ఏలో ఉన్నవి 16,569 జతల ముక్కలు, 37 జన్యువులు. వాటిలో 13 జన్యువులు తయారుచేసే ప్రొటీన్లన్నీ శక్తిని పుట్టించే యంత్రాంగంలోనివే. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రొటీన్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. కాలవ నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి పారుతున్నప్పుడు ఎండ్రకాయలు గట్టుకు పెట్టిన బొక్కల్లోంచి కొంత కారిపోయినట్టు, ఆరోగ్యవంతుల్లో కూడా కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి మధ్యలోనే ఆక్సిజన్‌కి తగులుకుంటాయి. అప్పుడు పుట్టేది సూపర్ ఆక్సైడ్. స్టావుడిన్ వాడేవాళ్ల కొవ్వు కణాల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ నకళ్లు తగ్గిపోతాయి, 13 ప్రొటీన్లు సరిగా తయారు కావు, ఎలక్ట్రాన్లు కారడం పెరుగుతుంది. సూపర్ ఆక్సైడ్, దాని నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ పక్కనే ఉన్న ఆ చిన్న డీఎన్ఏను ఇంకా దెబ్బతీస్తాయి. దాంతో కారడం మరింత పెరుగుతుంది. కొంతకాలం ఇలా సాగాక కణం చనిపోతుంది. బుగ్గల్లో జరిగింది ఇదే. కాళ్ల నరాల్లో జరిగితే మంటలు. కాలేయంలో జరిగితే లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి వాంతులు, ఆయాసం. దాన్ని సకాలంలో గుర్తించక కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఒంట్లో ఇలాంటి ఆక్సీకరణ పదార్థాలు పుట్టే వేగం, వాటిని చల్లార్చే శక్తిని మించిపోతే ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1985లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ మాటను స్థిరపరిచాడు. చల్లార్చే ఏర్పాట్లు మనకు పుట్టుకతోనే ఉన్నాయి. సూపర్ ఆక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమును అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ 1969లోనే చూపించారు. అన్నిటికన్నా పెద్ద నిల్వ గ్లూటాథయాన్‌ది. మూడు అమైనో ఆమ్లాల చిన్న అణువు, ప్రతి కణంలోనూ ఉంటుంది. పారాసెటమాల్ మోతాదు మించి మింగినవాళ్ల కాలేయం పాడయ్యేది ఈ నిల్వ ఖాళీ అయినప్పుడే.

ఇక్కడిదాకా చదివినవాళ్లు నేరమంతా మందులదే అనుకుంటారు. చాలాకాలం చాలామంది అలాగే అనుకున్నారు. 1987లో ఏజెడ్‌టీ బజారుకొచ్చిన తొలి ఏళ్లలో దాన్ని నాలుగు గంటలకోసారి, రోజుకు 1,500 మిల్లీగ్రాముల దాకా ఇచ్చేవారు. రాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ వేసుకోవాలి. ఇప్పటి మోతాదు 600. ఆ రోజుల్లో రోగుల కండరాల్లో మైటోకాండ్రియా చెడిపోయి కనిపించేవి. స్పెయిన్‌లోని వాలెన్సియా బృందం 1998లో ఇంకో మెట్టెక్కింది. ఏజెడ్‌టీ ఇచ్చిన ఎలుకల కండరాల్లో ఆక్సీకరణ దెబ్బను చూపించింది, విటమిన్ సి, ఇ ఇస్తే ఆ దెబ్బ తగ్గిందని చూపించింది. ఏజెడ్‌టీ వాడే రోగుల మూత్రంలో కూడా ఆక్సీకరణకు గురైన డీఎన్ఏ ముక్కలు ఎక్కువగా, విటమిన్లు కూడా తీసుకున్నవారిలో తక్కువగా పడ్డాయి. విటమిన్ మాత్రలు అమ్మేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

కానీ లెక్క అక్కడ తెగలేదు. ఏ మందూ వాడని, ఏ లక్షణమూ లేని హెచ్ఐవీ పాజిటివ్ మనుషుల్లోనే గ్లూటాథయాన్ తక్కువగా ఉందని 1989లోనే తేలింది. మందు ఒంట్లో పడకముందే నిల్వ తరుగుతోందన్నమాట. కారణాలు ఒకటి కాదు. వైరస్ ప్రొటీన్లు కొన్ని, ముఖ్యంగా టాట్, కణాల్లో ఆక్సీకరణను స్వయంగా పెంచుతాయి. అంతకన్నా పెద్ద కథ పేగుల్లో నడుస్తుంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే పేగుగోడల్లోని సీడీ4 కణాలను కొల్లగొడుతుంది. అవి మళ్లీ పూర్తిగా కోలుకోవు. కాపలా బలహీనపడిన గోడలోంచి బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారుతుంటాయి. 2006లో అమెరికన్ శాస్త్రవేత్తలు బ్రెంచ్లీ, డౌయెక్ దీన్ని కొలిచి చూపించారు. ఆ తునకలను చూసి తెల్లరక్తకణాలు రోజూ ఉలిక్కిపడుతూనే ఉంటాయి. శత్రువును చంపడానికి తెల్లకణం వాడే ఆయుధం కూడా సూపర్ ఆక్సైడే మరి. మందులతో రక్తంలో వైరస్ కొలవలేనంత తగ్గినా ఈ ఉలికిపాటు పూర్తిగా ఆగదు.

ఇందులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. కణంలో ఆక్సీకరణ పెరిగితే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ మేలుకుని కేంద్రకంలోకి వెళ్లి, ఒంట్లో వాపు పుట్టించే జన్యువులను నడిపిస్తుంది. మన డీఎన్ఏలో దాగున్న హెచ్ఐవీ తన నకళ్లు తీయించుకోవడానికి వాడుకునేదీ ఆ ప్రొటీన్‌నే. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే దాగున్న వైరస్ లేస్తుందని 1991లో ప్రయోగశాలలో చూశారు. అంటే వైరస్ ఆక్సీకరణను పెంచుతుంది, ఆక్సీకరణ వైరస్‌ను లేపుతుంది.

మరి నేరంలో మందు వాటా ఎంత, వైరస్ వాటా ఎంత? ఈ ప్రశ్న మీద నైజీరియా నుంచి ఇటలీ దాకా, మన దేశంలోనూ బోలెడన్ని చిన్న అధ్యయనాలు వచ్చాయి. కొన్నింట్లో మందు వాడేవాళ్లలో ఆక్సీకరణ ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఎందుకిలా అని విడ్డూరపడే ముందు కొలిచే పద్ధతి చూడాలి. ఎక్కువమంది కొలిచేది మాలోన్‌డైఆల్డిహైడ్‌ను. కణపొరల్లోని కొవ్వు ఆక్సీకరణకు లోనైతే మిగిలే చెత్త అది. రక్తంలో తేటను థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే గులాబీ రంగు వస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని యంత్రం చదువుతుంది. ఖర్చు తక్కువ, ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా అవుతుంది. కానీ ఆ ఆమ్లం మాలోన్‌డైఆల్డిహైడ్‌తోనే కాదు, రక్తంలోని ఇంకొన్నిటితో కూడా రంగు తెస్తుంది. నమూనా ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుందన్న దాన్నిబట్టి కూడా అంకె మారిపోతుంది. పైగా ఒకప్పుడు సీడీ4 బాగా పడిపోయినవాళ్లకే మందులిచ్చేవారు. అంటే మందు వాడేవాళ్లే ఎక్కువ జబ్బుపడినవాళ్లు. వాళ్లను ఇంకా మందు మొదలుపెట్టనివాళ్లతో పోల్చి చూస్తే మందుదే తప్పన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రైవేటు ల్యాబులు అమ్మే ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యాకేజీలకు డబ్బు తగలేయొద్దని చెబుతాను. ఆ అంకె చూసి మందు మార్చే డాక్టరు ఉండడు.

ఈ చర్చను ఒక దారికి తెచ్చింది చిన్న ల్యాబు కాదు, స్మార్ట్ అనే భారీ అధ్యయనం. 33 దేశాలు, 5,472 మంది. దాని వెనకున్న ఆలోచన సబబైనదే. మందులు గుండెకూ కాలేయానికీ కిడ్నీలకూ చేటు చేస్తున్నాయి కాబట్టి, సీడీ4 350 దాటితే మందులు ఆపి, 250కి పడితే మళ్లీ మొదలుపెడితే ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది కదా అనుకున్నారు. సగం మందికి అలా చేశారు, సగం మందికి ఆపకుండా ఇచ్చారు. 2006 జనవరిలో అధ్యయనాన్ని అర్ధాంతరంగా ఆపాల్సి వచ్చింది. విశ్రాంతి ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువ. ఎయిడ్స్‌తోనే కాదు, మందుల వల్ల వస్తాయనుకున్న గుండెజబ్బు, కిడ్నీ, కాలేయ జబ్బులు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. తర్వాత నిల్వ చేసిన రక్తాన్ని పరీక్షిస్తే, వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6, గడ్డకట్టే గుణాన్ని చూపే డీ-డైమర్ ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా చనిపోయారని తేలింది. స్టావుడిన్ ముఖాలు చూసి భయపడినవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. మందు చేసే హాని నిజమే, అయితే వైరస్‌ను స్వేచ్ఛగా వదిలేస్తే జరిగే హాని దాన్ని మించినది. 2017 నుంచి మన దేశంలోనూ సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే మందులు మొదలుపెడుతున్నారు.

ఇక యాంటీఆక్సిడెంట్ల సంగతి. గ్లూటాథయాన్ తక్కువైన రోగులు త్వరగా చనిపోతున్నారని 1997లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన లెనార్డ్, లియొనోర్ హెర్జెన్‌బర్గ్ దంపతుల బృందం చూపించింది. కణాలను రంగులతో గుర్తించి వేరుచేసే ఫ్లో సైటోమీటర్‌ను తీర్చిదిద్దింది ఈ లెనార్డే. ఏఆర్టీ సెంటర్లలో సీడీ4 లెక్కపెట్టే యంత్రాలు ఆ కోవలోవే. గ్లూటాథయాన్ నింపడానికి వాళ్లు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ వాడి చూశారు. పారాసెటమాల్ మింగి క్యాజువాలిటీకి వచ్చినవాళ్లకు ఇచ్చే విరుగుడు అదే. నిల్వ పెరిగింది. అయితే అంకె పెరగడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. రెండోదాన్ని ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు.

దక్షిణాఫ్రికాలో ఈ సగం నిజం ప్రాణాలు తీసింది. అప్పటి అధ్యక్షుడు ఎంబెకి ప్రభుత్వం మందులను విషమని అనుమానిస్తుంటే, ఆరోగ్యమంత్రి మాంటో షబలాలా-మ్సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమన్నారు. మథియాస్ రాథ్ అనే జర్మన్ వ్యాపారి కేప్‌టౌన్ మురికివాడల్లో పెద్ద మోతాదు విటమిన్ మాత్రలు పంచాడు. ఆ ప్రయోగాలు చట్టవిరుద్ధమని 2008లో అక్కడి హైకోర్టు తేల్చింది. సకాలంలో మందులివ్వని ఆ ఏళ్లలో మూడు లక్షల ముప్పైవేలకు పైగా ప్రాణాలు పోయాయని అదే ఏడాది హార్వర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు.

విటమిన్లు వట్టి దండగ అని కూడా అనలేం. టాంజానియాలో మందులు ఇంకా అందని గర్భిణులకు బి, సి, ఇ విటమిన్లు ఇస్తే జబ్బు ముదరడం కాస్త నెమ్మదించిందని 2004లో తేలింది. అదే అధ్యయనంలో విటమిన్ ఎ మేలు చేయకపోగా బిడ్డకు వైరస్ సోకడాన్ని పెంచింది. ఆ తర్వాత అక్కడే, ఏఆర్టీ మొదలుపెట్టిన 3,400 మందికి పైగా తీసుకుని సగానికి మామూలు మోతాదు, సగానికి చాలా రెట్లు పెద్ద మోతాదు మల్టీవిటమిన్లు ఇచ్చారు. 2012లో ఫలితం వచ్చింది. పెద్ద మోతాదు వల్ల చావులు తగ్గలేదు, కాలేయ ఎంజైములు మాత్రం పెరిగాయి. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. తిండి సరిగా లేనివాడికి లోటు పూడ్చడం ఒక సంగతి. లోటు లేనివాడికి గుప్పెళ్లతో పోయడం ఇంకో సంగతి.

ఇప్పుడు మన సెంటర్లలో ఎక్కువమంది వేసుకునేది టీఎల్‌డీ, అంటే టెనోఫొవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒకే మాత్ర. రోజుకి ఒకసారి. టెనోఫొవిర్, లామివుడిన్ కూడా దొంగ ముక్కలే, కానీ పాలిమరేజ్ గామాను మోసం చేసే గుణం వాటికి చాలా తక్కువ. బుగ్గలు పీక్కుపోవు. 2017లో ఈ మాత్రను పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇచ్చేందుకు ఒప్పుకున్న రెండు కంపెనీల్లో హైదరాబాద్ అరబిందో ఫార్మా ఒకటి. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్ఐవీతో బతుకుతున్నారు, రాష్ట్రాలవారీగా చూస్తే మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు.

టీఎల్‌డీ వేసుకునేవాళ్లు బలానికని మెడికల్ షాపులో మల్టీవిటమిన్ కొనేముందు ఒకటి తెలుసుకోవాలి. డోలుటెగ్రవిర్ పనిచేసే తీరు ఇదీ: వైరస్ డీఎన్ఏను మన డీఎన్ఏలో కుట్టే ఇంటిగ్రేజ్ ఎంజైము నడుమ రెండు మెగ్నీషియం అయాన్లుంటాయి. మందు వాటిని గట్టిగా పట్టుకుని ఎంజైమును కదలనివ్వదు. లోహపు అయాన్లను పట్టుకునే ఈ గుణమే కడుపులో ఎదురుతిరుగుతుంది. మల్టీవిటమిన్‌లోని ఐరన్, జింక్, కాల్షియం, గ్యాస్‌కు తాగే సిరప్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం కనిపిస్తే మందు వాటినే పట్టుకుని రక్తంలోకి సరిగా ఎక్కదు. అందుకని యాంటాసిడ్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ అదే ఎడం, లేదంటే అన్నంతో కలిపి రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. పరగడుపున మాత్రం రెండూ కలపకూడదు. గర్భిణులకు ఐరన్ మాత్రలు తప్పవు కాబట్టి ఈ ముక్క వాళ్లకు మరీ ముఖ్యం.

మిగిలిన ఆక్సీకరణ ఒత్తిడి మీద చివరికి ఫలితం చూపిన మందు యాంటీఆక్సిడెంట్ కాదు, కొలెస్ట్రాల్ మాత్ర. రిప్రీవ్ అనే అధ్యయనంలో ఇండియాతో సహా పలు దేశాల నుంచి 7,769 మంది హెచ్ఐవీ రోగులకు పిటావాస్టాటిన్‌నో ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. వాళ్లంతా గుండెజబ్బు ముప్పు పెద్దగా లేదనుకున్నవాళ్లే. 2023లో చూస్తే స్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తక్కువ. కొందరి రక్తనాళాలను, రక్తాన్ని విడిగా పరిశీలిస్తే, గోడలకు అంటుకుని పూడికగా మారే ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనిపించింది.

డెన్మార్క్‌లో 2013లో ఇంకో లెక్క కట్టారు. అక్కడ వైద్యం ఉచితం, మందులు క్రమం తప్పకుండా అందుతాయి. పొగ తాగే హెచ్ఐవీ రోగి ఆయుష్షులోంచి వైరస్ వల్ల పోయేది సుమారు అయిదేళ్లు, సిగరెట్ వల్ల పోయేది పన్నెండేళ్ల పైచిలుకు. సిగరెట్టయినా బీడీ అయినా ఒక్కో దమ్ముతో ఊపిరితిత్తుల్లోకి సూపర్ ఆక్సైడ్ లాంటి ఫ్రీ రాడికల్స్‌ను లెక్కలేనన్ని నేరుగా పంపుతుంది. మన సెంటర్లలో మందులకు వచ్చినప్పుడల్లా మాత్రలు లెక్కపెట్టి ఎన్ని మిగిలాయో రాసుకుంటారు. రోజుకి ఎన్ని బీడీలు కాలుస్తున్నావని కూడా అదే కాగితం మీద అడిగి రాసుకుంటే సిబ్బందికి పట్టేది అర నిమిషం.